ఎనభై ఆరు బారల వదులు

పోయిన నెల, జూలైలో మొదటి బుధవారం, సాయంత్రం అయిదూ నలభైకి నేను కుడితి తొట్టిలో కూర్చున్నాను. కూర్చోవాలని కూర్చోలేదు. ల్యాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని, హైదరాబాదులో మా మేనేజరు ఇంద్రజగారికీ, లండన్‌లో ఉన్న క్లయింట్లకీ మా సపోటా తోట చూపిస్తూ వెనక్కి నడుస్తున్నాను. మోకాళ్ల వెనక ఏదో మెత్తగా తగిలింది. ఆ తర్వాత తొట్టి తగిలింది. కుడితి గోరువెచ్చగా ఉంది. గేదె ఒకసారి తలెత్తి నన్ను చూసి, నేను ఆక్రమించని వైపు నుంచి తాగడం కొనసాగించింది. వారానికి ఒకటి రెండుసార్లు తెగే మా ఇంటర్నెట్ లైను ఆ పూట మాత్రం తెగలేదు. పదకొండు మందీ మొత్తం చూశారు.

"కనెక్షన్ చాలా క్లియర్‌గా ఉందండీ" అన్నారు ఇంద్రజగారు.

నా మోకాళ్ల వెనక తగిలింది ఆ ఇంటర్నెట్ తీగే. దాన్ని మోకాలెత్తున ఉయ్యాలలా వేలాడదీసింది మా కేబుల్ నాగబాబుగారు. ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన తన జీవితంలో దేన్నీ బిగించి కట్టలేదు.

చొక్కా ఆయనకంటే ఒక మనిషి పెద్దది. మోపెడ్ బ్రేకు వదులు, అందుకని మా గేటు దగ్గర ఆగాలంటే రెండు గేట్ల ముందునుంచే కాళ్లు నేలకు రాస్తూ వస్తారు. పదింటికి వస్తానంటే ఇటు రెండు గంటలు, అటు రెండు గంటలు వదులు. వయసెంతని అడిగితే "యాభైకీ అరవైకీ మధ్యలో ఎక్కడన్నా వేసుకోండి" అంటారు. కళ్లజోడు కూడా వదులే. స్తంభం ఎక్కి కిందికి చూసినప్పుడల్లా అది ఆయనకంటే ముందు దిగుతుంది.

ఆయనది పాలకాయతిప్ప వైపు వేట కుటుంబం. నలభై దాటేదాకా సముద్రం మీదే బతికారు. మోకాలు దెబ్బతిని పడవ ఎక్కలేని స్థితి వచ్చాక కేబుల్ పనిలో చేరారు. చేరిన మొదటి వారంలోనే కోడూరులో ఒక తీగ తెగింది. నాగబాబుగారు దాన్ని వలతాడు కట్టినట్టు ముడేసి కట్టారు. అందులో ఉండేది వెంట్రుక మందం గాజు పోగనీ, ముడేస్తే లోపల పొడి అయిపోతుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. సగం ఊరికి రెండు రోజులు బొమ్మ రాలేదు. ఆ సంగతి ఎత్తితే ఆయనేమీ సిగ్గుపడరు. "బొమ్మ రాకపోతే రాకపోయింది గానీ, ఆ ముడి చూశారా, ఇప్పటికీ అట్టాగే ఉంది" అంటారు.

ఇలాంటి మనిషి చేతుల్లో నేను నా భవిష్యత్తు పెట్టాను.

హైదరాబాదులో నేను పందొమ్మిదేళ్లు ఉన్నాను. ఆసుపత్రుల్లో డాక్టర్లు చెప్పింది టైపు చేస్తారు కదా, ఆ కాగితాల్లో తప్పులు దిద్దే ఉద్యోగం. మా ఫ్లాటు కిటికీ తెరిస్తే పక్క ఫ్లాటు కిటికీ కనపడేది. వాళ్లు మూసేవాళ్లు. అప్పుడు మేమూ మూసేవాళ్లం. ఆ పందొమ్మిదేళ్లూ నేను కోరుకున్నది ఒకటే. కోడూరులో మా సపోటా తోటలో, మోటారు షెడ్డు గుమ్మం దగ్గర కూర్చుని, గొట్టంలోంచి నీళ్లు పంటబోదెలో పడే చప్పుడు వింటూ పనిచేసుకోవాలి. సెలవులు అయిపోయి తిరిగి వెళ్తుంటే, పామర్రు దాటేదాకా ఆ చప్పుడు నా చెవిలో ఉండేది. పామర్రు సెంటర్లో బస్సుల హారన్లకు పోయేది.

చివరికి వచ్చేశాం. మోటారు షెడ్డుకు సున్నం కొట్టించి, బల్ల వేసి, ఫ్యాను పెట్టి ఆఫీసు చేశాను. అన్నీ అమిరాయి, ఇంటర్నెట్ తప్ప. ఫోను సిగ్నలు మా తోట మొత్తంలో ఒకే ఒక్క సపోటా చెట్టు కింద వస్తుంది. ఆ చెట్టు మీద ఎర్రచీమలు అంతకు ముందునుంచే ఉంటున్నాయి.

ఇంద్రజగారు మంచి మనిషే, కానీ షరతు షరతే. "జూలైలో నాలుగు బుధవారాలు క్లయింట్ మీటింగులున్నాయి సీతారామయ్యగారూ. సాయంత్రం అయిదున్నరకి. నాలుగింటిలో ఏ ఒక్కదానికి మీ లైను లేకపోయినా, ఆగస్టు ఒకటిన మీరు హైదరాబాదు ఆఫీసుకి వచ్చేయాలి. ఇంక నేనేం చెయ్యలేను" అన్నారు.

జూన్‌లో నాగబాబుగారిని పిలిచాను. గేటు దగ్గరి స్తంభం నుంచి షెడ్డుకు డెబ్బై అడుగులు. గంట పని. ఆయన నాలుగు రోజులు చేశారు. ఆయనకు మీటర్లు పట్టవు. తీగను గుండెకడ్డంగా రెండు చేతులా బార్లా చాపి, వేట తాడు కొలిచినట్టు కొలుస్తారు.

"మీకు పన్నెండు బారలు చాలు తమ్ముడుగారూ" అన్నారు.

"మంచిది, వేసెయ్యండి."

"నూట ఆరు తెచ్చా."

"ఎందుకండీ అంత?"

"తీగకి ఎనిమిది బారలు వదులు."

"అప్పటికీ ఎనభై ఆరు మిగులుతున్నాయి."

"అవి చెట్టుకి వదులు."

"చెట్టుకి వదులేంటండీ?"

"ఉంటదండీ" అని, గేటు పక్క సపోటా చెట్టుకు బండిచక్రమంత చుట్ట తగిలించారు. పోనీ ఎనభై ఆరే ఎందుకు, గుండుగుత్తగా ఎనభై ఉంచొచ్చుగా అన్నాను. "ఎనభై అయిదైనా చాలదండీ" అన్నారు. దేనికి చాలదో చెప్పలేదు. ఆయన సమాధానాలు కూడా కొంచెం వదులుగానే ఉంటాయి కాబట్టి నేనూ లాగలేదు.

"నేనడిగింది ఇంటర్నెట్టండీ, ఉయ్యాల కాదు" అన్నాను, ఆ చెట్టు మీదుగా షెడ్డు దాకా అలలు అలలుగా వేలాడుతున్న తీగను చూపించి.

"పోటొచ్చినప్పుడు పడవ లెగవాలా వద్దా?"

"ఇది తోట నాగబాబుగారూ."

"గాలొచ్చినప్పుడు చెట్టు ఊగాలా వద్దా? చెట్టు అటు పోతే తీగ కూడా ఒక అడుగు దాంతో పోవాలి గదండీ."

మా ఆవిడ మాధవీలత మాత్రం ఆయన పక్షం చేరిపోయింది. "ఇన్నాళ్లకి ఈ ఇంట్లో పనికొచ్చే తీగ ఒకటి పడింది" అని మర్నాటి నుంచి దానిమీద బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.

రెండో బుధవారం నేను గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని మీటింగులో చాలా గంభీరంగా మాట్లాడుతున్నాను. లండన్ ఆయన ఏదో అడిగాడు. ఇంద్రజగారు కొంచెం ఆగి, "మీ వెనక ఎగురుతున్నవి ఏదైనా పండగ జెండాలా అని అడుగుతున్నారండీ" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను. నా చారల డ్రాయర్లు, మూడు జతలు.

"అవునండీ" అన్నాను.

మూడో బుధవారం సరిగ్గా అయిదూ ఇరవై అయిదుకి లైను పోయింది. చీమల చెట్టు కిందికి పరిగెత్తి ఫోను చేశాను.

"నాగబాబుగారూ, లైను పోయిందండీ."

"ఎంతసేపయింది?"

"రెండు నిమిషాలు."

"రెండుకి అటూ ఇటూ వచ్చేస్తదండీ."

ఆయన మాటల వెనక నీళ్ల చప్పుడు వినిపించింది. "ఎక్కడున్నారు మీరు?"

"దగ్గర్లోనే. మొలలోతులో."

నా ఉద్యోగం పోతుంటే ఈయన చేపలు పట్టుకుంటున్నాడని మండిపోయింది. చీమలు కూడా అప్పటికే వాటి పని అవి చేస్తున్నాయి. అయిదూ ముప్పై రెండుకి లైను వచ్చింది. లండన్ ఆయన టీకి వెళ్లి అయిదూ ముప్పై మూడుకి వచ్చాడు కాబట్టి బతికిపోయాను. ఆ నెలన్నరలో లైను తెగడం అది ఎనిమిదోసారి. తప్పంతా ఆ వదుల్లోనే ఉందని నాకు తేలిపోయింది. ఊగే తీగలో గాజు పోగు ఎంతకాలం ఓర్చుకుంటుంది? నాలుగో బుధవారం ఇంకా ఉంది. దేవుడు ప్రతిసారీ లండన్‌లో టీ ఇప్పించడు.

కాబట్టి నాలుగో బుధవారానికి ముందురోజు, మంగళవారం నాడు, ఆ లైను నేనే బిగించాను.

స్టూలు మాధవీలత పట్టుకుంది. వేలాడుతున్న తీగనంతా షెడ్డు వైపు లాగి, మిగిలిన ఎనిమిది బారలూ గోడ మేకుకు చుట్టేశాను. కిందికి దిగి వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకున్నాను. తొట్టి ఎక్కడుందో ముందే చూసుకుని వేశాను.

"అటు చూడు. స్కేలు పెట్టి గీసినట్టు లేదూ?"

"ఉంది. చీరలెక్కడ ఆరేయను?" అంది మాధవీలత.

బుధవారం సాయంత్రం అయిదు కావస్తుండగా సముద్రం వైపు నుంచి గాలి లేచింది. తుపానేం కాదు, రోజూ వచ్చే గాలే. గేటు పక్క సపోటా చెట్టు రోజూ ఊగినట్టే ఒక జానెడు అటు ఊగింది. తీగలో ఆ జానెడు లేదు. టప్‌మని చప్పుడైంది. చాలా చిన్న చప్పుడు. పందొమ్మిదేళ్లు కోరుకున్నది చేతిలోంచి పోయేటప్పుడు కనీసం ఇంకాస్త గట్టిగా వినపడుతుందనుకుంటాం.

నేను గుమ్మంలో కూర్చుండిపోయాను. ఎదురుగా మోటారు నీళ్లు పోస్తోంది. ఆ నీళ్లను అప్పుడే బస్సులోంచి వెనక్కి చూస్తున్నట్టుగా ఉంది.

ఫోను చేస్తే నాగబాబుగారు పావుగంటలో వచ్చారు. నేలమీద పడున్న తీగ చూశారు, షెడ్డు గోడ చూశారు, కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశారు.

"ఎవరు బిగించారండీ?"

"గాలండీ" అన్నాను.

"గాలే మేకుకి చుట్టిందా?"

మాధవీలత దగ్గింది. నేను ఒప్పుకున్నాను. "పోగు అతికే మిషను బందరు ఆఫీసుకి పోయిందండీ. ఏడింటికి గానీ రాదు" అన్నారు.

"ఏడింటికి నేను హైదరాబాదు బస్సుకి టికెట్టు తీసుకుంటుంటానండీ. మీరు ఆ చుట్ట విప్పి కొత్త తీగ వెయ్యండి, ఎనభై ఆరు బారలున్నాయిగా" అని చెట్టు వైపు చెయ్యి చూపించాను.

చెట్టుకు చుట్ట లేదు. ఎప్పటినుంచి లేదో నేను గమనించనే లేదు. కొమ్మ మీద అది రాసుకున్న గుర్తు మాత్రం ఉంది.

"చుట్టేదండీ?"

"వాడేశానండీ."

"నా వదులు తీసుకెళ్లి ఎవరికి వేశారు?" అన్నాను. నెలన్నరపాటు ఆ వదుల్ని తిట్టిన నోటితోనే అన్నాను.

ఆయన మోపెడ్ స్టార్ట్ చేశారు. "ల్యాప్‌టాప్ పట్టుకుని ఎక్కండి. తిట్టనంటే దారిలో చెప్తా."

మా తోట వెనక పెద్ద మురుగు కాలువ ఉంది. దాని అవతల వేటకు వెళ్లేవాళ్ల ఇళ్లు ఏడు. చెక్క వంతెన మీద, ఆ బ్రేకులతో, ఆయన చెప్పిందంతా విన్నాను. కాబట్టి తిట్టే పరిస్థితిలో లేను.

"ఈ ఏడిళ్లూ కంపెనీ మ్యాపులో లేవండీ. మ్యాపు మీ తోటతో అయిపోద్ది. అడిగితే, కాలవ దాటి తీగ ఇవ్వం పొమ్మన్నారు. మీకైతే ఎంత కావాలంటే అంత ఇస్తారు. మీ చెట్టు నించి కంచె వెంబడి పోతే, ఈ ఏడిళ్లలో యలమందని ఒకతనున్నాడు, అతని ఇంటి చూరుకి ఎనభై ఆరు బారలు. ముందే కొలుచుకున్నా. అతని కనెక్షను మీ తోట అడ్రసు మీదే రాయించా, అదే అడ్రసుకి రెండోదంటే డబ్బా ఒక్కటిస్తారు, తీగ ఇవ్వరు."

"అంటే కంపెనీ కాగితాల్లో యలమంద నా తోటలో ఉంటున్నాడా?"

"సపోటాలు కొయ్యడులెండి."

"మరి లైను అన్నిసార్లు తెగిందేంటి?"

"గుర్రపుడెక్క తీసే మిషనండీ. కాలవలో డెక్కతో పాటు మన తీగ కూడా లాక్కెళ్లేది. మళ్లీ అతకాలంటే మీ లైను ఆపాలి గదా. చివరికి మొలలోతులో దిగి, రెండు సరుగుడు గుంజలు పాతి పైనుంచి లాగా. ఇంక మిషనుకి అందదు."

యలమంద ఇంటి గోడకు చిన్న డబ్బా ఉంది. దుమ్ము పడకుండా దానిమీద ఉతికిన జేబురుమాలు కప్పి ఉంది, కింద నుంచి లైట్లు మెరుస్తున్నాయి. తెగింది మా చెట్టుకీ షెడ్డుకీ మధ్య కాబట్టి ఇక్కడ లైను నిక్షేపంగా ఉంది. యలమంద యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ఐసు పెట్టె బోర్లించి, కండువాతో తుడిచి, కూర్చోమన్నట్టు చూశాడు. అయిదూ ఇరవై తొమ్మిదికి నేను దానిమీద కూర్చుని, నా మొహం సర్దుకుని, మీటింగులోకి వెళ్లాను.

నా వంతు అయ్యాక మైకు ఆపాను. పక్కన నిలబడ్డ నాగబాబుగారు గొంతు తగ్గించి చెప్పారు. యలమంద భార్య పాపాయమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. వెళ్లి మూడేళ్లయింది. మనకి ఆరయ్యేసరికి ఆమెకు అక్కడ అరగంట తీరిక దొరుకుతుంది. ఆ అరగంట కోసం యలమంద రోజూ రెండు కిలోమీటర్లు నడిచి, లాకుల దగ్గర కరకట్ట ఎక్కి, ఫోను ఆకాశానికి చూపించి నిలబడేవాడు. సిగ్నలు ఉన్నంత మేరకు బొమ్మ వచ్చేది. ఒకరోజు నుదురు, ఒకరోజు సగం చెంప.

"పెళ్లాం మొత్తం ఒకేసారి కనపడి అప్పటికి మూడేళ్లయిందంటండీ. వానలో అట్టా నిలబడుంటే చూశా. ఇంక చూడలేక మీ చెట్టు కొలిచా" అన్నారు.

ఆరింటికి యలమంద ఫోను మోగింది. అతను రెండు చేతులా పట్టుకుని మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

"ఏవయ్యా, ఇవాళ కూడా మొత్తం కనపడుతున్నావు" అంది పాపాయమ్మ. లైను తెగకుండా నిలబడి వారమైనా ఆమెకు నమ్మకం కుదరనట్టుంది.

"ఆఁ."

"చిక్కిపోయావు."

"లేదే. ఇంతకుముందు సగమే కనపడేవాణ్ణి గదా."

"అటు తిప్పు. మునగచెట్టు చూపించు. పూత ఉందా? ఇటు. ఆ బిందె ఎన్నాళ్లయింది తోమి? సరే, కోళ్లు చూపించు. తెల్లదేది?"

యలమంద ఫోను ఇంకోవైపు తిప్పాడు.

"తెల్లకోడి ఏదయ్యా?"

"ఎటో పోయింది."

"తిన్నావా?"

"ఆదివారం" అన్నాడు యలమంద.

ఆమె అన్నవి ఇక్కడ రాయను. లండన్ మీటింగు నాకు చెవిలో పడటం మానేసింది. కాసేపటికి ఆమె గొంతు మారింది. "ఆ ఐసు పెట్టె మీద ఎవరు?"

"సీతారామయ్యగారు. కాలవ అవతల తోట."

"ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లన్నా ఇచ్చావా?"

మస్కట్ నుంచి మాట వచ్చింది, కోడూరులో నా చేతికి చెంబు వచ్చింది. తాగుతుంటే ఆమె అంది: "ఇంక ఏం చెప్పొద్దులే. ఫోను ఆ గూట్లో నిలబెట్టి నీ పని నువ్వు చేసుకో. ఊరికే చూస్తా."

యలమంద ఫోను గూట్లో నిలబెట్టి, వల ఒళ్లో వేసుకుని చిరుగు అల్లుకుంటూ కూర్చున్నాడు. మునగచెట్టు నీడ గోడమీద కొంచెం కొంచెంగా జరిగింది. ఆ వైపు చూడకుండా నేను చెంబు చూశాను, నాగబాబుగారు కళ్లజోడు తీసి ఆ వదులు చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

"సీతారామయ్యగారూ, మ్యూట్‌లో ఉన్నారు" అన్న ఇంద్రజగారి మాటకు ఉలిక్కిపడ్డాను. "నాలుగు మీటింగులూ అయ్యాయండీ. ఇంక నిశ్చింతగా అక్కడే ఉండండి. అన్నట్టు, మీ వెనక ఆ వల డెకరేషన్ కొత్తగా పెట్టారా? బాగుంది."

"అవునండీ" అన్నాను.

బయటికొస్తుంటే యలమంద చూరుకు ఇంకో చుట్ట వేలాడుతూ కనపడింది. "ఇదెవరి వదులండీ?" అని అడిగాను.

"స్కూలు కనెక్షనులో మిగిలిందండీ. నలభై ఒకటి. పక్కన ఫిలిప్ ఇంటికి" అన్నారు నాగబాబుగారు, అది కూడా అడగాలా అన్నట్టు.

మర్నాడు ఆయన వచ్చి మా తీగ అతికారు. ఈసారి వదులు ఎంత ఉంచాలని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పది బారలు ఉంచారు. మాధవీలతకు దుప్పట్లు ఆరేసుకోవడానికి కూడా వీలైంది.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్క ఇబ్బంది మిగిలింది. మా షెడ్డూ, కాలవ అవతల ఇల్లూ ఒకే పోగు మీద ఉన్నాయి. రోజూ ఆరయ్యేసరికి నా లైను నత్తలా నడుస్తుంది. నా పని ఎనిమిదింటిదాకా ఉంటుంది. రెండు వారాలు ఓర్చుకుని, మొన్న నాగబాబుగారు గేటు ముందునుంచి కాళ్లు రాస్తూ వెళ్తుంటే ఆపి, ఒక వినియోగదారుడిగా గట్టిగానే అడిగాను.

"ఆరింటికి నాకు ఒక్క పేజీ కూడా తెరుచుకోవట్లేదండీ. దీనికేదో ఒకటి చెయ్యండి."

"ఆ టైముకి షెడ్డు మూసి ఇంట్లోకెళ్లండి తమ్ముడుగారూ, మీ ఆవిడ మస్కట్‌లో లేదు గదా" అన్నారు నాగబాబుగారు.